నలభై ఒకటో పేజీ

బ్రాడీపేట నాలుగో లైన్లో
జిరాక్సు షాపు మీద గది.
పేజీకింతని తీసుకుని
కింది కోర్టు తెలుగుని
పై కోర్టు ఇంగ్లీషులోకి ఎక్కిస్తుంటాను.

ఈసారి వచ్చిన కట్ట క్రిమినల్ అప్పీలు.
పదేళ్ళు పడ్డవాడి పేరు
ఇంటిపేరు, తండ్రి పేరు, వయసుతో సహా ఉంది.
ఆమె పేరున్న చోటల్లా వైట్నర్.
ఆమె పి.డబ్ల్యూ. ఒకటి.

కాగితాన్ని వెలుతురుకి పట్టి చూడను.
చూడకపోయినా కొంత తెలుస్తుంది:
మిర్చి యార్డు వెనక గోడౌన్లో
ముచ్చికలు తీసే కూలి.
గీతలరిగిన వేలిముద్ర సగమే పడింది.

చీఫ్ మూడు పేజీలు, క్రాసు పదకొండు.
నలభై ఒకటో పేజీలో ఆగిపోయాను.
"వద్దయ్యా, వద్దయ్యా అన్నాను.
కారం చేతులయ్యా, కళ్ళల్లో పడతది అన్నాను."
ఎవరి కళ్ళల్లోనో
ఎవరూ అడగలేదు.

అప్పీల్లో ఆరో గ్రౌండు:
అయ్యా అని పిలిచింది కనక అది ఎదిరించటం కాదు.
కారం చేతులే నిజమైతే
ముద్దాయి కళ్ళు ఎర్రబడ్డట్టు
డాక్టరు రాయలేదేం?

రాసినాయన్ని ఎరుగుదును.
కామా ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి.
ఆయన గుమాస్తా జీతం పెంచమని
ఏడాదిగా అయ్యా అయ్యా అంటూనే ఉన్నాడు.
మా మేనత్త
మెట్ల మీది కుక్కని కూడా
పోవయ్యా అనే తోలుతుంది.
దేవుణ్ణి తిట్టినా అంతే,
ఏమయ్యా, కళ్ళు లేవా అంటుంది.

సార్ అని కొట్టాను.
బళ్ళో చెయ్యెత్తి అడిగినట్టుంది.
తీసేశాను.
ఒట్టి వద్దు మిగిలింది,
బాగుంది, గట్టిగా ఉంది,
అప్పీలు కొట్టేసేంత గట్టిగా.
కానీ అది ఆమెది కాదు,
ఫ్యాను కింద కూర్చున్న నా వద్దు.

మళ్ళీ పెట్టాను అయ్యాని, అయ్యాగానే,
ఇంగ్లీషు అక్షరాల్లో.
కింద సన్నగా ఒక నోటు రాసి
నాకా హక్కు లేదని చెరిపేశాను.

మధ్యాహ్నం గోంగూరలో నంజుకున్న పండుమిరప.
చెయ్యి రెండుసార్లు కడిగాను,
మర్చిపోయి కన్ను నులుముకున్నాను.
కాసేపు అక్షరాలు కనపళ్ళేదు.
కింద నుంచి షాపు కుర్రాడు
ఎన్ని సెట్లక్కా అని అరుస్తున్నాడు.
నాలుగు. స్పైరల్ వద్దు, దారంతో కుట్టు.

నాలుగింటికి అద్దంలో చూసుకున్నాను.
ఎరుపు లేదు.

ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళింది మూడో రోజు.
అతన్ని పట్టుకుని పరీక్ష చేయించింది తొమ్మిదో రోజు.
అదీ రికార్డులోనే ఉంది, యాభై రెండో పేజీలో.
తేదీలకి తర్జుమా అక్కర్లేదు.
ఉన్నవి ఉన్నట్టు కొట్టి
సంతకం పెట్టాను.