కంచె కింది మూత

రాత్రి రెండున్నరకి
వంటింటి సింకు కింద ఏదో దగ్గింది.
ఆ తర్వాత దగ్గలేదు, కురిసింది.
జూలై. డనీడిన్ కొండవాలు మీద చలికాలం నడిమధ్య.
మేజోళ్లు లేకుండా గచ్చు మీద కాలు పెడితే
చీలమండల దాకా నీళ్లు,
వాటి మీద పిల్లి గిన్నె
గుమ్మం వైపు బయల్దేరిపోతోంది.

సింకు కింది వాల్వ్ తిప్పాను.
పిడి చేతికొచ్చింది. పిడి మాత్రమే.
ముప్పై ఏళ్లు దాన్ని పలకరించలేదు,
అవసరానికి పిలిస్తే అది మాత్రం ఎందుకు పలుకుతుంది?

ప్లంబర్ నిద్రగొంతుతో అన్నాడు:
"వీధి వాల్వ్ కట్టెయ్. గేటు పక్కన, అరచేతంత ఇనప మూత.
కుడివైపుకి తిప్పు. ఏడింటికొస్తా."

మూత దొరికింది. ఉత్తరాల డబ్బా కింద,
మంచు కరుచుకుని.
గరిటె కాడతో పెకలించి, చెయ్యి దూర్చి
కుడివైపుకి తిప్పాను. హాయిగా తిరిగింది.
ఇంత తేలికా అనుకుంటూ లోపలికెళ్తే
జలపాతం అలాగే ఉంది,
అదే ఉత్సాహం.

అప్పుడు పక్కింటి తలుపు తెరుచుకుంది.
మిరియామా పోటికి.
బేకరీలో మూడున్నర డ్యూటీకి స్నానం చేస్తూ
సగంలో లేచొచ్చింది. ఒంటి మీద వానకోటు,
నెత్తి మీద షాంపూ నురగ.
"లాక్లన్! నా నీళ్లు ఆపావా?"

తొమ్మిదేళ్లలో ఆవిడ నాతో అన్న మొదటి మాట.

చివరిసారి మాట్లాడుకుంది ఈ పొదల కంచె గురించే.
నేనొకటన్నాను, ఆవిడ రెండంది.
కొమ్మ ఎంతెత్తు ఉండాలి, ఎండ ఎవరిది.
కౌన్సిల్‌కి ఉత్తరాలు కూడా రాశాం,
ఒకే పోస్టుడబ్బాలో, వేరువేరు రోజుల్లో.
అప్పట్నించీ మంగళవారం చెత్తబుట్టలు పెట్టేటప్పుడు
నేను ఆకాశం చూస్తాను,
ఆవిడ తాళంచెవి చూసుకుంటుంది.

"ఆపావా, లేదా?"
నీళ్లు నమిలాను.
ఆ రాత్రి నా దగ్గర వాటికేం కొదవలేదు.
"మా ఇల్లు మునుగుతోంది," అన్నాను చివరికి.

ఆవిడ నా కాళ్ల కేసి చూసింది,
తెరిచిన మూత కేసి చూసింది,
ఏమీ అనకుండా వెళ్లి రంపం తెచ్చింది.
(నేను ఒకడుగు వెనక్కేశాను.)
తన వైపు కంచెలోకి మోకాళ్ల మీద దూరి
ఏ కొమ్మ కోసం కౌన్సిల్ దాకా వెళ్లిందో
ముందు దాన్నే కోసింది.
కుళ్లిన ఆకులు, వానపాములు, ఎవరిదో టెన్నిస్ బంతి,
వాటి కింద ఇంకో ఇనప మూత.
అది మొండికేసింది. నాలుగు చేతులు పడ్డాయి.
కిర్రుమంది. ఇంకోసారి కిర్రుమంది.
మా వంటిల్లు
నోరు మూసుకుంది.

ఎవరో, ఏ శుక్రవారం సాయంత్రమో
ఇంటికెళ్లే తొందరలో గొట్టాలు కలిపిన మనిషి
అటుది ఇటు, ఇటుది అటు కలిపేశాడు.
ఇన్నేళ్లూ ఆవిడ టీ నా గేటు పక్కనుంచి మరిగింది.
నా స్నానం ఆవిడ పొదల కిందనుంచి వచ్చింది.
తెలిసుంటే ఆ ఉత్తరాల ఏడాది
ఇద్దరిలో ఎవరు ముందు తిప్పేవాళ్లమో!
నేనే. అనుమానం లేదు.

నా దగ్గరున్న ఆవిడ వాల్వ్ మళ్లీ తిప్పాను.
కళ్లు మండుతున్నాయంటూ లోపలికి పరిగెత్తింది.
థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు.

ఏడింటికి ప్లంబర్ వచ్చి తల గోక్కున్నాడు.
సరిచేస్తే చెరో ఎనిమిది వందల డాలర్లట.
"చూద్దాం," అన్నాను.
కంచెలో పడ్డ కంతలోంచి ఇంకో గొంతు కూడా
"చూద్దాం," అంది.
వెళ్తూ వెళ్తూ చెప్పాడు:
ఆర్నెల్లకోసారి తిప్పుతుండాలి,
లేకపోతే బిగుసుకుపోతాయి.

మొన్న ఆదివారం, నెత్తి నిండా సబ్బుతో ఉండగా
మా నీళ్లు ఆగిపోయాయి.
ఒక నిమిషం. చలికి పళ్లు టకటకలాడాయి.
మళ్లీ వచ్చాయి.

కంచె అవతల ఎవరో
నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు.