ముందు బరువు

వెర్లిన్ హౌగ్లండ్ కౌంటరు మీద
తుప్పు పట్టిన రేకు ముక్కొకటి పెట్టాడు.
పాత స్ప్రింగుకి అంటుకుని ఉన్న చీటీ అది.
అంకెల్లో సగం రోడ్డు ఉప్పు తినేసింది,
మిగతా సగం పంతొమ్మిది చలికాలాలు.

"ఎడమవైపు కుంగింది" అన్నాడు.
చక్రం నడుమ నుంచి ఫెండరు అంచు దాకా
టేపు పట్టి కొలిచాడట,
కుడికీ ఎడమకీ అంగుళంపావు తేడా.
"డ్రైవరు కూర్చునేది అటేగా" అన్నాను.
తన పొట్టకేసి చూసుకున్నాడు
నవ్వాలో వద్దో తేల్చుకోలేక.

స్ప్రింగు అమ్మేవాణ్ణి, ఎంత పొడుగని అడగను.
ఏం మోస్తావని అడుగుతాను.
కేటలాగులో ఒకే పికప్పుకి ఏడు రకాలు,
పైకి చూస్తే ఏడూ కవలలే.
తీగ మందంలో వెంట్రుకవాసి తేడా,
ఆ వెంట్రుకకి రెండొందల పౌన్లు వేలాడతాయి.

పెట్రోలా? కాదు, డీజిలు.
వించి? లేదు.
నాగలి?
ఉంది.
విత్తనం మొహం చూడని నాగలి,
నవంబరు నుంచి ఏప్రిల్ దాకా
తెల్లటి చేను దున్ని దారి పక్కన పోగేసేది.
క్వారీ కాటా మీద ముందు ఇరుసు ఒక్కటే నిలబెట్టి
నాగలితో ఓసారి, లేకుండా ఓసారి తూచాడు,
సిగరెట్టు పెట్టె వెనక రాసుకొచ్చాడు.
తేడా ఎనిమిది వందల ఎనభై.
దాన్ని పైకెత్తితే హెడ్‌లైట్లు
బంపరు కింద మట్టినే వెతుక్కుంటాయట.

"అయితే అన్నిటికన్నా గట్టివి"
ఆఖరి వరస మీద వేలు పెట్టాను.
"మరి మిగతా ఆర్నెల్లు?"
బరువు కోసం చుట్టిన స్ప్రింగు
బరువు లేనప్పుడు ఊరుకోదు.
రోడ్డు మీది ప్రతి పగులునీ
పేరు పెట్టి పిలుస్తుంది.

టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.
సోమ, బుధ, శుక్రవారాలు బెమిజీకి,
పోనూ రానూ నూట ఇరవై మైళ్లు,
ఆర్డిస్‌కి డయాలసిస్.
తిరిగొచ్చేటప్పుడు ఆమె దగ్గర ఏమీ మిగలదన్నాడు,
తల నిలుపుకునేంత ఓపిక కూడా.

నా వేలు రెండు వరసలు పైకి జరిగింది.
ఇవి మెత్తనివి. లోపల రబ్బరు దిమ్మలు పెట్టుకుంటే
నాగలికీ కాస్త ఆసరా.
"నాగలి అమ్మేస్తేనో" అని గొణిగాడు.
చర్చి వాకిలి, స్కూలు బస్సు మలుపు,
ముసలి టొయివో ఇంటి దారి...
వేళ్లు మడుస్తూ మధ్యలో ఆగిపోయాడు.

తలుపు గంట మోగింది.
బండిలో హీటరు చల్లారి ఆర్డిస్ లోపలికొచ్చింది,
మోచేతి మీద తెల్లటి పట్టీతో.
కేటలాగు తనవైపు తిప్పుకుని
కళ్లద్దాలు లేకుండానే చదివింది.
"గట్టివి."
"నీ నడుమూ..."
"నడుముకి దిండుంది.
మన దారి దున్నకపోతే జనవరిలో బెమిజీకెలా పోతాను,
ఎగిరా?"

గోడమీద ఫ్యాను బెల్టులు వేలాడుతున్నాయి.
మేం ముగ్గురం వాటినే చూశాం.
"నన్ను తేలిగ్గా లెక్కేసి ఏదీ కొనకు" అంది అతనితో.
పిప్పరమెంట్లు ఎంతని నన్నడిగింది.

ఎడమది ఒక్కటీ చాలన్నాడు వెర్లిన్.
జతగానే ఇచ్చాను. పిప్పరమెంట్లకి తీసుకోలేదు.

శనివారం బిగించుకున్నాడు.
కొత్త స్ప్రింగు కుదురుకోవాలంటే వారం పది రోజులు.
నాగలింకా షెడ్డులోనే ఉంది,
బండి ముక్కు గాల్లో ఉంది.

సోమవారం తెల్లవారకముందు
మా వంటింటి కిటికీలోంచి చూశాను.
లైట్లు రోడ్డునొదిలేసి
స్ప్రూసు చెట్ల కొసలు వెలిగిస్తూ పోతున్నాయి.
గుడ్లగూబ ఒకటి రెక్క విప్పింది,
లేపిందెవరో తెలియక.
కల్వర్టు దగ్గర పాత పగులుంది.
అక్కడ వెలుగు ఒక్కసారి
ఎగిరి పడింది.

దిండుందిలే అనుకున్నాను.