వెనక మెట్లు

గోపాలపూర్‌లో లైట్‌హౌస్ దాటాక, సరుగుడు తోపు అవతల,
అడ్రసు తప్పి దిగిన పార్సెల్‌లా ఒక ఇల్లు.
హోటలు కంపెనీవాళ్లు కొలతలు తెమ్మన్నారు.
టేపు, లేజరు పెట్టె, మూడు పెన్సిళ్లు,
బరంపురం బస్టాండులో కట్టించుకున్న అటుకుల పొట్లం.
గేటు తీసింది గరికిన దానమ్మ.
"తోరంబరి దొర మేడ తల్లీ" అంది.
రాతి మీద చెక్కిన పేరు థార్న్‌బరీ.
ఆవిడ పలికిందే నా నోటికీ నప్పింది.

ముందు తలుపు గడియ తుప్పుకి బిగుసుకుపోయింది,
చుట్టూ తిరిగి వెనక నుంచే లోపలికి వెళ్లాం.

నిటారు త్రికోణాలు రెండు, పొగగొట్టాలు ఏడు.
మంచు జారిపోవాలని వేసిన పెంకుల వాలు మీద
నూట పదేళ్లుగా ఉప్పుగాలి తప్ప ఏదీ జారలేదు.
"సలి నేని ఊల్లో సలిమంటకి ఏడు గొట్టాలేటి బాబూ"
అని సున్నం మోసిన వాళ్ల తాత అడిగాడట.
దొర నవ్వలేదట.

గోడ మందం రెండున్నర అడుగులు.
చిలకా ఆలిచిప్పలు కాల్చి, గానుగలో ఎద్దులు తిప్పి,
కరక్కాయ నీళ్లూ బెల్లమూ పోసి మెత్తన చేసిన సున్నం.
ఒకచోట గీకి నాలుక మీద వేసుకున్నాను.
తీపి ఏమీ మిగల్లేదు.
చీమల బారు ఒకటి మాత్రం ఇంకా ఆ గోడనే నమ్ముకుని పోతోంది.
దూలాలు రంగూన్ టేకు.
ఇక్కడి మనుషుల్ని అక్కడ దించి
తిరుగు ఓడలో ఎక్కించుకొచ్చినవి.
ఒక్కో దూలం చివర ఒక్కో నంబరు.
దిగినవాళ్లకి నంబర్లున్నాయో లేదో దానమ్మకి తెలీదు.

హాలు కొలుస్తుంటే ఏదో తేడా కొట్టింది.
మెట్ల వరస మరీ నిటారు.
నడి గోడలో ఉండాల్సిన పొయ్యిగూడు మూలకి ఒదిగింది.
భోజనాల గదిలో బల్ల వేస్తే
కుర్చీ వెనక్కి లాగే జాగా లేదు.
ఇంత డబ్బు పెట్టినవాడు ఇంత తప్పు ఎలా కట్టాడు?

వెనక భాగంలో టేపు ఒక్కసారీ నాతో గొడవపడలేదు.
గిన్నెలు తోమే గది, రాతి తొట్టి,
నీరు నిలవకుండా తూముకి తిరిగిన వాలు,
బొగ్గు కొట్టు, దాని పక్కనే గోడలో దాక్కున్న సన్నటి మెట్లు.
ఇరవై రెండు. ప్రతి మెట్టూ ఏడంగుళాలు.
ట్రే పట్టుకున్న మోచేతులు తగలకుండా
మలుపులో మూలని గుండ్రంగా చెక్కించాడు.
అక్కడే మోకాలెత్తున ఒక గూడు,
ఐదారేళ్ల పిల్లవాడు ముడుచుకు కూర్చునేంత.
మోకాళ్ల మీద వంగి అందులో తల పెట్టాను.
ఎదురుగా తలుపు సందు, సందులోంచి హాలు:
నిటారు మెట్లు, మూల పొయ్యి, గోడకి అతుక్కున్న బల్ల.
అక్కడి నుంచి చూస్తే
అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

పెన్సిలు ఆగింది.
ఏ సీమలో, ఎవరి మేడలో, ఎవరి తల్లి
ఆ చన్నీళ్ల ముందు చేతులు పగిలేలా నిలబడిందో
కాగితం చెప్పదు, నేనూ ఒట్టేసి చెప్పలేను.
తొట్టి మాత్రం ఎత్తు తక్కువ,
పొట్టి ఆడమనిషికి కొలిచి పెట్టినట్టు.
దానమ్మ అందులో కవళ్లు కడుగుతూ అంది,
"ఈడైతే నడుం నొప్పెట్టదు తల్లీ."

నాకు జాలి పుట్టబోయింది.
అంతలో పడకగది గోడలో ఆ కన్నం కనిపించింది.
పంకా తాడు దూరడానికి పెట్టింది.
అవతల వరండాలో, రాత్రంతా తాడు లాగినవాడికి
చేరబడ్డానికి అరుగు లేదు, పీట లేదు, ఒక గూడైనా లేదు.
అంత గుర్తున్నవాడు ఇది మర్చిపోయాడు.
కన్నం అంచు కింది వైపే అరిగింది, వేలు పట్టేంత లోతుగా.
"మా పెదతాత" అంది దానమ్మ, పేరు చెప్పలేదు.

వెనక భాగం కొట్టేసి ఈతకొలను కడతారట.
నా నక్షాలో ఆ గూడు గోరంత చతురస్రం,
కన్నం ఒక చుక్క.
వదిలేసినా ఎవరూ అడగరు.
రెండింటినీ గీశాను, కాగితం అవతలికి దిగేలా.
దానమ్మ చేపల నీళ్లు పారబోసింది.
ఒక్క చుక్క నిలవకుండా
తూములోకి పోయాయి.