గడకర్ర

గడ్డను మునిసిపాలిటీల కలిపిన ఏడాది
గద్వాల నుంచి ట్యాబ్ పట్టుకొని
సర్వే పిల్ల పుట్టి దిగింది.
"బస్టాండు ఎంత దూరం?"
"ఏరు దిగితె అర్ధగంట.
నిండితె నెల" అన్నడు ఉరుకుందు.
ఆ గడిల కిలోమీటర్లే పడుతయట.

"మురుగు ఎటు పోతుంది?"
సవారమ్మ చేట ఆపింది.
"ఎటు వోతది బిడ్డా,
సుట్టూ మనం తాగే నీళ్లేనాయె."

నూటికి ముప్పై ఒకటి, అంది ట్యాబ్.

పొద్దుగూకే ముందు ఉరుకుందు
రేవు బండ పక్కన గడకర్ర దించి తీసిండు.
తడి ఎక్కడిదాక ఎక్కిందో చూసి
"జానెడు పెరిగింది, ఇగ నడువు" అన్నడు.
కర్ర నిండ గాట్లు,
నాయిన పెట్టినవి, తాత పెట్టినవి.
అన్నిటికన్న పై గాటు
ఏ ఏడాదిదని ఆమె అడగలే.
పక్కన నిలవడి చూసుకుంది.
తన తలకన్న పైనుంది.