మిగిలిన ఫిల్ము

తూషెతీ కొండల్లో నేను పద్దులమ్మాయిని.
సామూహిక క్షేత్రం వాళ్ళు నాకిచ్చినవి
నీలిగీతల రిజిస్టరు, ఒక సైజు పెద్దవైన రబ్బరు బూట్లు,
ఇటుకంత బరువున్న జెనిత్ కెమెరా.

తోడేలు గొర్రెను చంపితే ఫోటో తీయాలి.
చెవికున్న నెంబరు స్పష్టంగా పడాలి.
ఫోటో లేకపోతే ఆ గొర్రె ఖరీదు
కాపరి జీతంలో కోత.
వేసవికి పన్నెండు రీళ్ళు,
రీలుకు ముప్పై ఆరు చావులని
కింద ఆఫీసులో ఎవరో లెక్కగట్టారు.

ఆ లెక్కలో బసారా లేదు.

దూడంత కుక్క. తడిసిన రాతిరంగు.
తోడేలు పంటికి పట్టు దొరకకూడదని
చెవులు పసితనంలోనే కోసేశారు.
మెడకు ఇనపముళ్ళ పట్టీ.
కాపరి ఎలిజ్బార్ చేతి రొట్టె తప్ప ముట్టేది కాదు.
తొమ్మిది రోజులు నన్ను
గొర్రెల దొంగను చూసినట్టే చూసింది.
పదో రోజు వచ్చి, నా బూటు మీద తల పెట్టుకుని పడుకుంది.
కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది.
కదిపితే ఒట్టు.

అప్పటి నుంచి నేను వాణ్ణి ‘అది’ అనలేదు.

ఆ ఏడు తోడేళ్ళు రాకపోలేదు.
వచ్చి, గాలి వాసన చూసుకుని,
పక్క లోయ వాళ్ళ మీద పడ్డాయి.
జూలై ఆఖరుకు నా ఖాతాలో రెండే చావులు,
అందులో ఒకటి పిడుగు చేసింది.
పదకొండు రీళ్ళు సీలు విప్పకుండా నిల్వ.

చావులు రాకపోతే ఫిల్మును ఏం చేయాలో
నిబంధనల పుస్తకంలో రాసి లేదు.

ఎలిజ్బార్ బకెట్టు నీళ్ళలో చూసుకుంటూ గడ్డం గీసుకోవడం తీశాను.
గొర్రెతోలు సంచిలో జున్నును
బిడ్డకు నలుగు పెట్టినట్టు దొర్లించడం తీశాను.
కుర్రాడు శేటే, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాన్ని
ఒకసారి చదివి, తలకిందులుగా పట్టుకుని
మళ్ళీ చదువుతున్నట్టు నటించడం కూడా.

పొద్దు వాలాక వెలుతురు చాలేది కాదు.
ఎంత నెమ్మదిగా తెరిచినా ఆ కెమెరాకు
సెకనులో ముప్పయ్యో వంతే.
స్టాండు ఇవ్వమని రాస్తే జవాబు లేదు.
అందుకని బసారాను పడుకోబెట్టి,
వెనక నేను బోర్లా పడుకుని,
వాడి వీపు మీద కెమెరా ఆనించేదాన్ని.
ముక్కు నిండా ముతక ఉన్ని, పులిసిన పాలు, వాన.
నేను ఊపిరి బిగబట్టేదాన్ని.
వాడు బిగబట్టేవాడు కాదు.
టక్కుమన్న చప్పుడుకు
లేని చెవుల్ని నిక్కించేవాడు.

పాత రకం జెనిత్ అది.
నొక్కగానే లోపలి అద్దం లేచి, పైనే ఉండిపోయేది.
మళ్ళీ రీలు తిప్పేదాకా కంటికి చీకటే.
ఆ చీకట్లో కాసేపు ఉండిపోయేదాన్ని,
తిప్పడం మర్చిపోయినట్టు,
చెంప కింద కొండ ఒకటి లేచి పడుతుంటే.

వాణ్ణి తీయలేదా అంటారు. తీశాను.
దూరంగా నిలబెడితే నా మీదికే నడిచొచ్చేవాడు.
కడిగి చూస్తే ఒక ఫ్రేములో ముక్కు,
ఇంకోదాంట్లో ఏమీ లేదు,
లెన్సు మీద వేడి ఆవిరి.

అక్టోబరులో మంద దిగింది. కెమెరా ఒప్పజెప్పాను.
వాడిన రీళ్ళ కాలమ్‌లో ‘ఎండకు పాడైనవి’ అని రాశాను,
నా ఉద్యోగం మొత్తంలో రాసిన ఒకే దొంగ పద్దు.
రెండేళ్ళకు, బసారా ఇక లేడని
ఎలిజ్బార్ లారీ డ్రైవరుతో చెప్పి పంపాడు.
ఆ రోజు తేదీ వేసి, పేజీ ఖాళీగా వదిలేశాను.
మా రిజిస్టరులో కుక్కలకు గడి ఉండదు.

మొన్న తెలావీలో స్టూడియో అబ్బాయి
నా నెగెటివ్‌లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు.
బాగున్నాయి అమ్మమ్మా, సాయంత్రంవే
అన్నీ ఒక్క పిసరు కదిలాయి, అన్నాడు.
పైకీ కిందికీ, ఒకేలా.
సరిచేయనా, ఒక్క నిమిషం పని.

వద్దన్నాను.
ఎందుకని అడిగితే, లెన్సు తప్పులే బాబూ అని,
రసీదు మీద సంతకం పెట్టి
వచ్చేశాను.