అడిగిన సూది

దుప్పట్లో సూది నన్ను అడగలేదు.
ఆపరేషన్ గది గుడ్డల మూటలో
చేప ముల్లులా దాక్కుని ఉంది.
బొటనవేలి మీద ఒక్క చుక్క,
ఆవగింజంత.
చోయ్‌బల్సాన్ ఆసుపత్రి లాండ్రీలో
పదకొండేళ్ళుగా ఊరి నెత్తురు ఉతుకుతున్నాను,
ఎవరిదని ఎన్నడూ అడగకుండా.

గ్లవ్స్ తీసి చూసుకుంటుంటే
తమ్ముడి కళ్ళు గుర్తొచ్చాయి,
పాల టీ మీద తేలే వెన్న రంగు.
తాగి తాగి పోయాడన్నారు ఇరుగుపొరుగు.
గ్లాసు ముట్టని మనిషి మా బాతార్‌సుఖ్.

మా భాషలో అయినవాళ్ళని
ఒకే కాలేయం వాళ్ళు అంటాం.
మేం ఒకే గోళ్ళ కత్తెర వాళ్ళం కూడా,
ఒకే టూత్‌బ్రష్షు,
బడిలో వరసగా నిలబెట్టి
అందరికీ గుచ్చిన ఒకే సూది.

"ముందు పరీక్ష" అంది నర్సు ఖొంగొర్జుల్.
సాయంత్రం దాకా ఆవిరిలో
నా గోళ్ళ రంగే చూసుకున్నాను.
"ఇంకా ఎవరూ దిగని గుడారం, దుల్మా, నీ ఒళ్ళు.
వాడు రాకముందే తలుపేద్దాం."

అక్టోబరులో ఒకటి. చెయ్యి రెండు రోజులు బరువు.
నవంబరులో ఇంకోటి. హెర్లెన్ గడ్డకట్టింది,
బస్సు రాలేదు, నడిచే వెళ్ళాను.
మూడోది ఏప్రిల్ అని రాసింది కార్డు మీద,
ఏప్రిల్ అంటే గొర్రెలు ఈనే కాలమని తెలియనట్టు.

మరదలు ఉర్నా ఒక్కతే. నాలుగు వందల మంద.
దుమ్ము తుఫాను.
తడి పిల్లల్ని కోటులో దాచుకుంటూ
పన్నెండు రోజులు తేదీ మర్చిపోయాను.
నిజానికి మర్చిపోలేదు.
ఇన్నాళ్ళూ ఏమీ కాలేదుగా అనుకున్నాను.
తమ్ముడూ అదే అనుకుని ఉంటాడు.

"ఆలస్యమైంది. మళ్ళీ మొదట్నించా?"
"అక్కర్లేదు. ఆగిన చోటు నుంచే."
నా భుజం మీది ఇసుక దులిపి
చొక్కా చెయ్యి పైకి మడిచింది.
"కాస్త నొప్పి. సరేనా?"

ప్రతిసారీ అడిగే ఉంటుంది.
ఈసారే విన్నాను.
నలభై మూడేళ్ళ ఒంటిని
ఒక సూది, లోపలికి రావచ్చా అని అడగడం.

సరే అన్నాను.
దూది ఒత్తుకుంటూ వెనక్కి తిరిగితే
నాకు తోడొచ్చిన ఉర్నా,
తొమ్మిదేళ్ళు వాడి పక్కన పడుకున్న ఉర్నా,
ఏమీ మాట్లాడకుండా
కోటు బొత్తాలు విప్పుకుంటోంది.