ఎర్తు

బ్రేకు తొక్కితే కుడి ఇండికేటరు మినుకుమంటది.
హారను కొడితే హెడ్‌లైట్లు కండ్లు చిన్నగ చేస్తయి.
వైపరు వేస్తే డీజిలు ముల్లు లేచి కూసుంటది.
"దయ్యం గిట్ల పట్టిందా దీనికి?" అన్నడు యాకయ్య,
తెల్లారేవరకు ఎనుమాముల మార్కెట్ల దించాల్సిన
ముప్పై రెండు మిర్చి బస్తాలు పికప్పుల పెట్టుకొని.
"ముగ్గురు చూసిండ్రు. ముగ్గురిదీ ఒకటే మాట,
వైరింగంత పీకి పారెయ్యి, పదకొండు వేలు.
నువ్వు నాలుగోటోనివి."

ములుగు రోడ్డు మీద నా షెటరు అప్పటికే సగం దించి ఉన్నది.
సీటు తీసి, తల కిందికి కాళ్ళు పైకి పెట్టి
స్టీరింగు కిందికి దూరిన.
మొదలు తుమ్ములు వచ్చినయి.
పద్నాలుగు సీజన్ల మిర్చి దుమ్ము
ఫ్యూజు డబ్బాల ఎర్రగ పేరుకొని ఉన్నది.

ఒక ఫ్యూజుకు సిగరెట్టు పెట్టెల వెండికాగితం చుట్టిండ్రు.
ఒక అతుకుకు టేపే లేదు, బీడీ కట్టల దారం.
ఇంట్ల ఎవలో బీడీలు చేస్తుంటే
పక్కన కూసోని కట్టినట్లున్నడు, ముడి ముద్దుగున్నది.
నీలం వైరు ఒకటి ఎటూ పోదు.
ఏ కాలంల ఏ టేపురికార్డుకు పోయిందో,
కొసకు ఎలుక పండ్ల గాట్లు,
రాగికి పచ్చగ చిలుము.

మా నాయిన కొత్తవాడల జంపఖానాలు నేసెటోడు.
పోగు తెగితే మగ్గం ఆపి
తెగినకాడ కాదు, దానికి జానెడు ఇవతల
వేలితోని తడిమెటోడు.
"తెగింది కనవడ్తది రా. తెగబోయేది కనవడది."
నాకు మగ్గం రాలేదు.
వేళ్ళు వచ్చినయి.

టెస్టు లాంపు క్లిప్పు బ్యాటరీ మైనసుకు పట్టించి
ఒక్కో వైరును అడుగుకుంట పోయిన.
నీకు వస్తున్నదా? నీకు?
ఎర్రదానికి, పచ్చదానికి,
ఎండకు ఏ రంగో తెలవకుంటైన దానికి,
అన్నిటికీ వస్తున్నది.
నిండుగ తాగి కూసున్నయి.

క్లిప్పు మార్చిన. ప్లస్సుకు పట్టించి
సూదిని వెనుక దీపం బోల్టుకు ఆనించిన.
బల్బు వెలగలే.
ఆరిపోయే బొగ్గు లెక్క జరంత ఎర్రవడ్డది.

వచ్చుడు బాగనే ఉన్నది. పోవుడే లేదు.
బ్రేకు దీపంలకెల్లి ఎల్లే దారి దొరకక
ఇండికేటరింట్ల దూరి, మీటరింట్ల దూరి
ఎవలి పెరటి తలుపన్న తీసి ఉంటదేమోనని
తిరుగుతున్నది కరెంటు.
దయ్యం కాదు యాకన్నా.

"ఎప్పటిసంది?"
"దసరాసంది."
"దసరాకు ఏం చేసినవ్?"
కొద్దిసేపు చెప్పలే.
"ఆఖరి కిస్తి కట్టిన. రంగేయించిన."

మంచి రంగే. నెక్కొండ పెయింటరు మూడు పూతలు కొట్టిండట.
డోరు మీద నెమలి, వెనుక పలక మీద బిడ్డ పేరు, హారిక,
'హా' కాడ చిన్న తామర పువ్వు.
ఎర్తు బోల్టు విప్పి, దాని కింద గూడ నీలం పూసి,
రంగు మీదనే మళ్ళ బిగించిండు మహానుభావుడు.

సాండుపేపరు తీసిన.
"అరే! గీకుతున్నవా?" నా చెయ్యి పట్టుకున్నడు.
"రూపాయి బిళ్ళంత జాగ ఇయ్యి, చాలు."
చెయ్యి ఇడిసి మొఖం అటు తిప్పుకున్నడు,
సూదేస్తుంటే పిల్లగాడు తిప్పుకున్నట్లు.
నీలం పోయింది. కింద ఎవలిదో తెలుపు,
దాని కింద కంపెనీ ఆకుపచ్చ,
తర్వాత ఇటుకపొడి ఎరుపు,
అప్పుడు ఇనుము, కొత్త పన్ను లెక్క.

బోల్టు బిగించి, మీద గ్రీజు రాసి
తొక్కమన్న.
వెనుక రెండు ఎర్రదీపాలు,
ఎర్రదీపాలే, వెలిగినయి.
మినుకుమనేది మినుకుమనలే.

"గింతేనా?"
"గింతే."
"నా రంగు గీకి నాకే పైసలడుగుతవా?"
నూటయాభై అంటే వంద ఇచ్చిండు.
మిగిలినదానికి ఒక బస్తా మూతి సడలించి
దోసెడు మిరపకాయలు పేపర్ల పోసిండు,
ఏ రైతు బస్తానో.

పికప్పు రోడ్డెక్కింది. ఇండికేటరు ఆపుడు మరిచిండు.
సక్కగ పొయ్యే రోడ్డు మీద
ఎడమకు, ఎడమకు అనుకుంట
మూల మలిగేదాక సక్కగనే పోయింది.

షెటరు దించుతుంటే కండ్లు దురదవెట్టినయి.
చేతులకు మిర్చి. ముట్టుకోలే.